చెరువు దగ్గర ఇల్లు తక్కువ రేటుకు వస్తోంది, కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హనుమకొండలో చెరువు కట్టకు 200 మీటర్ల దూరంలో, నాలా పక్క వీధిలో, 167 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు. కట్టి పదకొండేళ్లయింది. 2023 జులై వానల్లో కింది పోర్షన్‌లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఆ చుట్టుపక్కల 95 లక్షలు పలికే ఇంటిని ఓనరు 78కి ఇస్తానంటున్నారు. "అట్లాంటి వాన వందేళ్లకోసారి పడుతుంది, ఇప్పుడు నాలా కూడా వెడల్పు చేశారు" అని ఆయన మాట. మీ ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. పైగా భీమిలిలో మీ బావమరిది సముద్రం కనపడే ఫ్లాట్ కొన్నారు, ఆయనకు లేని భయం మనకెందుకని నాన్నగారు అంటున్నారు.

సూటిగా చెప్తాను. ఈ ఇల్లు, ఈ రేటుకు, అమ్మానాన్నలు కింద ఉండటానికి అయితే కొనొద్దు. 17 లక్షలు తగ్గుతోందని ఆశపడకండి.

అలాగని చెరువు దగ్గర ఇల్లే కొనకూడదని నేను అనను. నేను సివిల్ ఇంజనీర్‌ని. 23 ఏళ్లుగా హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో ఇళ్లు కట్టిస్తున్నాను, బ్యాంకు లోన్ల కోసం ఇళ్ల విలువ కట్టే పనీ చేస్తాను. చెరువు కట్ట కనపడేంత దగ్గరలో ఐదు ఇళ్లు కట్టించాను. 2020లో గానీ 2023లో గానీ వాటిలోకి చుక్క నీరు రాలేదు. అదే సమయంలో, ఏ చెరువుకూ కిలోమీటరు దూరంలో లేని ఒక ఇంట్లో మంచాలు తేలాయి. పాత ఒర్రె (చిన్న వాగు) పూడ్చి, ప్లాట్లు చేసి అమ్మిన వెంచర్ అది. ఒర్రె ఉందని మనుషులు మర్చిపోయారు, నీళ్లు మర్చిపోలేదు. అందుకే "200 మీటర్ల దూరం" అన్న అంకెతో నాకు ఏమీ తేలదు. చెరువుకు ఏ వైపున ఉంది, ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండూ తెలియాలి.

ముందు, ఏ వైపు? చెరువు చుట్టూ మూడు రకాల స్థలాలు ఉంటాయి. ఒక్కోచోట నీళ్లు ఒక్కోలా వస్తాయి.

మొదటిది కట్ట కింద. ఒకప్పుడు ఆ చెరువు కింద పారిన పొలాలే ఇప్పుడు కాలనీలయ్యాయి. ఇక్కడ మామూలు వానలకు పెద్ద ఇబ్బంది ఉండదు. బోర్లలో నీళ్లు పుష్కలం, సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది. మీ నాన్నగారు మెచ్చింది అదే అనుకుంటాను. కానీ కట్టకు గండి పడితే మాత్రం టైమ్ ఇవ్వదు. 2023 జులై ఆఖర్లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది గుర్తుంది కదా. ఆ రోజు దిగువ కాలనీల వాళ్లు హడావుడిగా ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. ఇంకోటి, కట్ట కింద ఎప్పుడూ ఊట ఉంటుంది. పొలం మట్టి, అందులోనూ నల్లరేగడి అయితే, వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతుంది. గోడల్లో పగుళ్లు, గచ్చు కుంగడం అందుకే.

రెండోది మత్తడి (అలుగు) దారి. చెరువు నిండితే మత్తడి దుంకి కిందికి పోయే నాలా, దాని రెండు పక్కలు. మూడు రకాల్లో ఇదే అన్నిటికంటే చెడ్డది. గండి ఎప్పుడో ఒకసారి పడుతుంది, మత్తడి మాత్రం మంచి కాలమైతే ప్రతి ఏడూ దుంకుతుంది.

మూడోది చెరువు పైభాగం, అంటే వరద చెరువులోకి చేరే వైపు. శిఖం భూములు, అంటే చెరువు నిండితే మునిగే భూములు, ఉండేది ఇక్కడే. ఇక్కడ నీళ్లు మెల్లగా ఎక్కుతాయి, మెల్లగా దిగుతాయి. ప్రాణభయం తక్కువ, కానీ నాలుగైదు రోజులు నీళ్లలోనే ఉండాలి. కాగితాల తలనొప్పి కూడా ఈ వైపే ఎక్కువ.

మీరు చెప్పిన ఇల్లు కట్టకు దగ్గర, నాలా పక్కన అన్నారు. అంటే మొదటి రెండు రకాల ప్రమాదాలూ ఒకే ఇంటికి ఉన్నట్టు. నాకు నచ్చనిది అదే.

తర్వాత లెవెల్. చెరువు మత్తడి రాయి పైభాగం ఎంత ఎత్తులో ఉందో దాన్నే ఎఫ్‌టీఎల్ అంటారు, నిండు మట్టం. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండే మట్టం, వరదలో నీళ్లు ఆగే మట్టం దానికి పైన ఉంటుంది. పెద్ద వరదలో మత్తడి మీద రెండు మూడు అడుగుల నీళ్లు దుంకుతుంటాయి. అంటే చెరువులో నీళ్లు ఎఫ్‌టీఎల్ కంటే రెండు మూడు అడుగులు పైకి ఉన్నట్టే కదా. "మాది ఎఫ్‌టీఎల్ బయటే సార్" అని ఓనరు చెప్పింది నిజమే అయినా, వరద రోజు ఆ ఇంట్లో నీళ్లు ఉండొచ్చు. పైభాగంలో ఇల్లు కొనేవాళ్లకు నా లెక్క ఒకటే. గచ్చు, మత్తడి రాయి కంటే కనీసం ఐదడుగులు ఎత్తులో ఉండాలి. నాలా పక్కన కొనేవాళ్లు మత్తడిని వదిలేసి, ఆ వీధిలో ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక వరద గుర్తును చూడాలి. గచ్చు దానికి మూడడుగులు పైన ఉండాలి. మీ ఇంట్లో గచ్చు మీదే నడుము లోతు నిలిచింది. అంటే గచ్చు ఉండాల్సిన చోటికి ఆరడుగులు తక్కువలో ఉంది.

ఈ లెవెల్ తీయించడం పెద్ద పని కాదు. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌కు ఒక పూట పని, కొన్ని వేల ఖర్చు. మత్తడి రాయి, నాలా అడుగు, నాలా గోడ పైభాగం, ఇంటి ముందు రోడ్డు, ఇంటి గచ్చు, ఈ ఐదు చోట్ల లెవెల్ తీసి ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి. 78 లక్షల ఇల్లు కొనే మనిషి ఈ నాలుగైదు వేలకు వెనకాడకూడదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది వాస్తు చూపించి వస్తారు, లెవెల్ చూపించి వచ్చేవాళ్లు ఒక్కరు కూడా ఉండరు.

ఇంటి ముందు రోడ్డు లెవెల్ ఎందుకంటే, మన కాలనీల్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్లీ సీసీ రోడ్డు పోస్తారు. ప్రతిసారీ అరడుగు పెరుగుతుంది. పదకొండేళ్ల కింద రోడ్డు కంటే రెండడుగులు ఎత్తున్న ఇల్లు ఇప్పుడు రోడ్డుతో సమానంగా ఉండొచ్చు. ఒకసారి గేటు దగ్గర నిలబడి చూడండి. లోపలికి మెట్టు ఎక్కుతున్నారా, దిగుతున్నారా?

వందేళ్లకోసారి అన్న మాట గురించి. ఓనరు అబద్ధం చెప్పారని నేను అనను, ఆయన అలాగే నమ్మి ఉండొచ్చు. కానీ మన ఊరి లెక్క చూడండి. 2020 ఆగస్టులో నగరంలో కాలనీలు మునిగాయి. 2023 జులైలో మునిగాయి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు మళ్లీ మునిగాయి. ఆరేళ్లు తిరక్కుండా మూడుసార్లు. 2023 జులైలో మన పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో ఊరు ఊరంతా వాగు పాలైంది, మనుషులు ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అంతకుముందు ఆ జిల్లాలో ఎవరూ అలాంటి వానను ఊహించలేదు.

అసలు "వందేళ్ల వరద" అనే మాటకు ఇంజనీర్ల లెక్కలో అర్థం వేరు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని. ఈ ఏడాది వచ్చింది కాబట్టి ఇంకో 99 ఏళ్లు రాదని కాదు. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉంటే, అలాంటి వరద ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26. పాతికేళ్ల వరద అయితే ముప్పై ఏళ్లలో నూటికి 70. ఇక మూడుసార్లు మునిగిన ఊరిని ఏ లెక్కలో వేయాలో మీరే చెప్పండి. మీ వీధిలోకి 2020లో, 2025లో ఎంతదాకా వచ్చాయో ముందు కనుక్కోండి. మీ ప్రశ్నలో 2023 మాత్రమే ఉంది. 2025లో రాకపోతే అది మంచి గుర్తే, ఆ మాట నేను ఒప్పుకుంటాను.

నాలా వెడల్పు చేశారు నిజమే. నయీంనగర్ దగ్గర పాత వంతెన తీసేసి కొత్తది కట్టారు, నాలాకు గోడలు లేపారు. దాని వల్ల మేలు జరుగుతుంది, జరగాలి కూడా. కానీ ఒక చిన్న లెక్క చెప్తాను. ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. వంద ఎకరాల మీద 20 సెంటీమీటర్లు పడితే ఎనిమిది కోట్ల లీటర్లు. ఒకప్పుడు అందులో చాలా భాగం చేలల్లో ఇంకేది. ఇప్పుడు అన్నీ స్లాబులు, సీసీ రోడ్లు, ఇంకే జాగా లేదు. పదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న నాలా నిండుగా, సెకనుకు ఐదడుగుల వేగంతో పారినా, ఆ వంద ఎకరాల నీళ్లు పోవడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. పైన ఉన్నది వంద ఎకరాలే కాదు కదా. మన చెరువులు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు. పై చెరువు మత్తడి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు. మధ్యలో ఉన్న కుంటలు పూడితే, అవి ఆపే నీళ్లన్నీ ఒకేసారి కిందికి వస్తాయి. హంటర్ రోడ్డు దిగువన బొందివాగు వెంబడి ఎన్టీఆర్ నగర్ లాంటి కాలనీలకు జరుగుతున్నది అదే.

అందుకని నాలా వెడల్పు చేశారంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడగండి. మీ వీధి దగ్గర 40 అడుగులు ఉండి, అర కిలోమీటరు కింద ఒక కల్వర్టు దగ్గర 15 అడుగులే ఉంటే, నీళ్లు అక్కడ ఆగి వెనక్కి మీ వీధిలోకే ఎగదన్నుతాయి. ఒక ఆదివారం పొద్దున్నే నాలా వెంబడి కిందికి రెండు కిలోమీటర్లు నడవండి. వంతెనల కింద ఎంత జాగా ఉంది, ఎక్కడ చెత్త పేరుకుంది, ఎవరి ప్రహరీ నాలాలోకి వచ్చింది, కళ్లతో చూడండి. నేను ఏ ఇంటికి విలువ కట్టే ముందైనా ఇప్పుడు ఈ నడక నడుస్తాను.

"ఇప్పుడు" అని ఎందుకన్నానంటే, 2016లో నేను ఆ పని చేయలేదు. ఒక రిటైర్డ్ టీచర్ దంపతులు కొంటున్న ఇంటికి బ్యాంకు తరఫున వెళ్లాను. గోడలు, స్లాబు, కాగితాలు, మార్కెట్ రేటు చూశాను. అన్నీ బాగున్నాయి, అంతే రాశాను. నాలా గురించి ఫారంలో గడి లేదు, నేనూ అడగలేదు. 2020 ఆగస్టులో ఆ ఇంట్లోకి మొదటిసారి నీళ్లు వచ్చాయి. 2023లో రెండోసారి వచ్చాయి. నీళ్లు దిగిన మూడో రోజు వెళ్లాను. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నీళ్లు ముందు గుమ్మంలోంచి కాదు, బాత్‌రూమ్ కమోడ్‌లోంచి పొంగాయని ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు, వరద నీళ్లు కలిసి సంపులోకి దిగాయి. బియ్యం డ్రమ్ములో అడుగున బురద. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురింటి కుర్రాళ్లు నలుగురు చీకట్లో పైకి మోశారట. షుగర్ ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ పెట్టలేకపోతున్నామని బాధపడ్డారు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను ఇంత పొడుగ్గా జవాబు చెప్పేది అందుకే.

మీ నాన్నగారి మోకాళ్ల సంగతి చదవగానే నాకు ఆ కుర్చీ గుర్తొచ్చింది. వరద మన వీధుల్లోకి ఎక్కువగా రాత్రిపూటే వచ్చింది. కరెంటు ముందే తీసేస్తారు. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, రోడ్లు తెగితే రాలేరు. ఇల్లు మునగడం వేరు, అందులో మెట్లెక్కలేని మనిషి ఉండటం వేరు.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ల జాడ కనిపెట్టడం కష్టం కాదు. కొత్త రంగులకు మోసపోకండి. కరెంటు మీటరు పెట్టె మూత తీసి లోపలి వైపు చూడండి. గోడకు రంగేస్తారు గానీ ఆ పెట్టె లోపల ఎవరూ తుడవరు. ఎండిన బురద గీత అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. దర్వాజ కింది మూలలు నొక్కి చూడండి, కర్ర ఉబ్బి మెత్తబడి ఉంటుంది. స్విచ్ బోర్డులు మామూలు కంటే ఎత్తులో ఉంటే ఎందుకని అడగండి. గోడ కింద మూడు నాలుగు అడుగుల దాకా పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొర కనపడుతుంది. సంపులో టార్చి వేస్తే అడుగున సన్నటి ఒండ్రు ఉంటుంది.

వీటన్నిటి కంటే మంచి సాక్ష్యం పక్కింటివాళ్లు. అమ్మే ఓనరుకు చెప్పే అవసరం లేదు, వాళ్లకు దాచే అవసరం అంతగా లేదు. ఒక వీధిలో కిరాణా కొట్టు నడిపే ఆవిడ దర్వాజకు రెండు మేకులు కొట్టి పెట్టుకుంది. "కింది మొల ఇరవైలది సార్, మీది మొల ఇరవై మూడులది" అని వేలు పెట్టి చూపించింది. ఏ ఆఫీసు రికార్డులోనూ అంత కచ్చితమైన కొలత నాకు దొరకలేదు. కొట్లో కింది అరలన్నీ ఖాళీ, సరుకంతా మేకు పైన ఉన్న అరల్లోనే. మీరూ ఇరుగుపొరుగు నాలుగిళ్లు తిరగండి. అద్దెకున్నవాళ్లను అడగండి, సొంతిల్లు ఉన్నవాళ్లు రేటు పడిపోతుందని కొంత తగ్గించి చెప్తారు.

కాగితాల సంగతి. ఇంటి నంబరు ఉంది, కరెంటు మీటరు ఉంది, పన్ను రసీదు ఉంది, రిజిస్ట్రేషన్ అవుతోంది, బ్యాంకు లోన్ ఇస్తోంది. ఈ ఐదూ ఉన్నా ఇల్లు నిండు మట్టంలో లేదని గానీ, బఫర్‌లో (చెరువు, నాలా పక్కన ఖాళీ వదలాల్సిన జాగాలో) లేదని గానీ రుజువు కాదు. బ్యాంకుకు కావాల్సింది తన అప్పు వెనక్కి రావడం, ఆ పని చేసే నేనే చెప్తున్నాను.

మన దగ్గర భవన నిర్మాణ నిబంధనలు 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168లో ఉన్నాయి. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు ఖాళీ వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకంటే సన్నదానికి 2 మీటర్లు. మీ ఇల్లు పదకొండేళ్ల కిందటిది కాబట్టి ఈ నిబంధనల కాలంలోనే కట్టింది. మంజూరైన ప్లాను తీసుకుని, నాలా అంచు నుంచి గోడదాకా టేపు పట్టి కొలవండి. ప్లానులో చూపించిన దూరం నేల మీద లేకపోతే అక్కడితో ఆపేయండి. రేపు నాలాను ఇంకా వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ గోడే.

పాత రికార్డు కూడా చూడండి. 1954-55 ఖాస్రా పహాణీలో, సేత్వార్‌లో (ఇవి పాత భూమి రికార్డులు) ఆ సర్వే నంబరు ఏమని రాసి ఉందో చూడాలి. శిఖం, కుంట, వాగు, నాలా అన్న మాట ఎక్కడైనా కనపడితే, తర్వాత ఎన్ని చేతులు మారినా ఆ మచ్చ పోదు. గ్రామ నక్షాలో ఒర్రెలు రెండు గీతలుగా గీసి ఉంటాయి, దాని మీద మీ ప్లాటు ఎక్కడ పడుతుందో సర్వేయర్‌తో పెట్టించండి. నీటిపారుదల శాఖ దగ్గర చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉంటే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఓనరు తొందర పెడుతున్నా ఆ ముప్పై రోజులు ఆగండి. ఇంట్లో కూర్చుని చేయగలిగేది ఇంకోటి ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు వెనక్కి జరిపి చూడొచ్చు. 2010కి ముందువి, వానాకాలం తర్వాతవి చూడండి. ఇప్పుడు ఇళ్లున్న చోట అప్పుడు పచ్చటి పొలం ఉందా, నీళ్లు ఉన్నాయా తెలిసిపోతుంది.

ఎప్పుడు మనసు మార్చుకుంటాను? ఇల్లు బఫర్ బయట ఉందని కాగితం మీద తేలాలి. 2025లో నీళ్లు ఇంట్లోకి రాలేదని వీధిలో ముగ్గురు నలుగురు చెప్పాలి. కింది పోర్షన్‌ను నివాసంగా లెక్కపెట్టకూడదు, పార్కింగ్‌గానే వాడాలి. అంటే నాన్నగారికి పైన ఉండే ఏర్పాటు, లిఫ్టు కావాలి. చిన్న హోమ్ లిఫ్టుకే లక్షలు అవుతాయి. కరెంటు మెయిన్ పైకి మార్చాలి, డ్రైనేజీ లైనుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి, సంపు మూత నీళ్లు చొరకుండా బిగించాలి. ఇవన్నీ చేసేసరికి ఆ 17 లక్షల్లో మీకు మిగిలేది పెద్దగా ఉండదు. అందుకే రేటు మాట్లాడేటప్పుడు స్థలానికి, పై అంతస్తుకు మాత్రమే విలువ కట్టండి. కింది అంతస్తుకు సున్నా వేయండి. ఓనరుకు కోపం రావచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు కూడా మిమ్మల్ని ఇదే అడుగుతాడు, ఇప్పుడు తగ్గిన రేటు అప్పుడూ తగ్గే ఉంటుంది.

జాకీలు పెట్టి ఇల్లు మూడు నాలుగు అడుగులు లేపేవాళ్లు ఉన్నారు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. పని నిజంగానే జరుగుతుంది, నేను చూశాను. కానీ మీకు ఆరడుగులు కావాలి. పైగా ఇల్లు లేచినా వీధి లేవదు, సెప్టిక్ ట్యాంకు లేవదు, అంబులెన్స్ రాదు.

కొన్నా కొనకపోయినా, ఇప్పుడున్న ఇంటికైనా బీమా చేయించండి. 2021 ఏప్రిల్ నుంచి "భారత్ గృహ రక్ష" పేరుతో అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే రకమైన పాలసీ ఇస్తున్నాయి. వరద, తుపాను, నీట మునగడం అందులో ఉన్నాయి. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, పది లక్షలు మించకుండా, ఇంట్లో సామానుకు కూడా వర్తిస్తుంది. స్థలం విలువకు రాదు, తిరిగి కట్టే ఖర్చుకే వస్తుంది. ఇంతకుముందు మునిగిందన్న సంగతి అడిగితే దాచకండి, క్లెయిమ్ అప్పుడు అదే అడ్డం పడుతుంది.

ఇక మీ బావమరిది ఫ్లాట్ సంగతి. సముద్రం లెక్క వేరు, దాన్ని చెరువుతో పోల్చడం కుదరదు. అక్కడ చూడాల్సింది పోటు గీత (పోటు వేళ సముద్రం నీళ్లు చేరే హద్దు) నుంచి దూరం, సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ జోన్) అనుమతి, తీరం కోత, ఉప్పు గాలి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ నిబంధనలు ఉంటాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఊరినే కోసుకుపోతోంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటినప్పుడు గాలి చేసిన నష్టం ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉప్పు గాలికి స్లాబులో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, కొన్నేళ్లకే పెచ్చులు ఊడొచ్చు. అయితే తుపాను వస్తోందని రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంటే నీళ్ల భయం కూడా తక్కువ. నాలా అలా కాదు, సాయంత్రం వాన మొదలైతే అర్ధరాత్రికి ఇంట్లో ఉంటుంది. మొంథా తీరం దాటింది మనకు రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో. అయినా మునిగింది మన వీధులు. ఈ సంగతి నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి, వింటారు.

ఆయనకు చెరువు గాలే కావాలంటే, అదే చెరువుకు ఎత్తున్న వైపు, మొరం నేల మీద, కట్టకు అర కిలోమీటరు లోపల పాత ఇళ్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. రేటు పది లక్షలు ఎక్కువుంటుంది, ఇల్లు కొంచెం చిన్నదవుతుంది. నేను కట్టించిన ఐదు ఇళ్లూ అలాంటి చోటే ఉన్నాయి. అవి చూడటం మొదలుపెట్టండి. ఈలోగా ఈ ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. ఇప్పటికే టోకెన్ ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చారో, కాగితం మీద ఏం రాసుకున్నారో ఇక్కడ రాయండి. సర్వేయర్ ఇచ్చే ఐదు లెవెల్స్ కూడా పెట్టండి, చూసి చెప్తాను.